పీట మీద పెట్టిన గిన్నె

కువాలా లిమౌ,
21 ఫిబ్రవరి 1996, బుధవారం.

పూజ్యులైన బావగారు సింహాద్రినాయుడు గారి సముఖమునకు, మీ బావమరిది గురునాయుడు నమస్కరించి రాయునది.

ముందుగా నా తెలుగును మన్నించమని కోరుతున్నాను. ఎస్టేటు బడిలో నాలుగో తరగతి వరకే మన అక్షరాలు దిద్దాను. ఆ తరువాత చదివినదంతా మలయ్ భాషలో, అదీ పగలంతా ఐసు దిమ్మలు మోసి, రాత్రి బడిలో కూర్చుని. ముప్పై రెండో ఏట పరీక్ష ప్యాసయినాను. ఆ సర్టిఫికెట్టు మా గోడ మీద మీరు చూశారు. అయినా తెలుగులో ఉత్తరం మొదలుపెడితే ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో చేయి తడబడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నవ్వవద్దు.

మేమందరం క్షేమమని రాయడం మర్యాద. అక్కడ ఎస్టేటులో మీరు, తౌడమ్మ అక్కయ్య, పెద్దబ్బాయి జోగినాయుడు ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నాను. ఇక్కడి క్షేమం మాత్రం రాయలేను. దీపావళి దాటాక వేటకు వెళ్ళిన బోటు ఇంతవరకు తిరిగి రాలేదు. ఇంజను చూసుకునే మీ చిన్నబ్బాయి నూకరాజు, బోటు యజమాని కొడుకు కియాట్, ఇద్దరి జాడా తెలియలేదు. "తెలిసింది రాయి, నీ ఊహలు రాయకు" అని మీరు కిందటిసారి ఖచ్చితంగా చెప్పి వెళ్ళారు. అందుచేతనే ఇన్నాళ్ళూ కలం పట్టలేదు. ఇప్పుడు ఒక సంగతి నా కళ్ళ ముందు జరిగింది. దానిని మీకు ఉన్నదున్నట్టు రాయమని యజమాని భార్య నా చేత ఒట్టు వేయించుకున్నది.

ఆమెను ఊరంతా "ఆ ఉమ్" అని పిలుస్తారు. మనం పెద్దమ్మ అన్నట్టే. మనిషిని పిలిచేటప్పుడు ముందు "ఆ" చేర్చడం వారి వాడుక, కియాట్‌ను కూడా ఆ కియాట్ అంటారు. ఆమె భర్త తాన్ తౌకేను, తౌకే అంటే యజమాని, మీరు రేవులో కలిశారు. వారు తియోచ్యూ చీనావారు, మూడు తరాలుగా ఈ నదీముఖాన చేపల పనిలో ఉన్నారు. నూకరాజు పనిలో చేరిన నాటినుండి వారింటనే ఉండేవాడు. నా ఇంటికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, "మావా, నీ ఇంట్లో ఐసు వాసన, ఆ ఇంట్లో సూపు వాసన. నువ్వయితే ఎక్కడుంటావేటి?" అని నవ్వేసేవాడు. నాకు కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

వారి ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఇంటి మనిషి దూరాన ఉంటే వారి కొత్త సంవత్సరం పండగనాడు భోజనాల బల్ల మీద అతని గిన్నె, తినే పుల్లలు పెడతారు. మనిషి పోతే ఆ గిన్నె అక్కడ ఉండరాదు, పెద్దల పటాల ముందున్న పూజబల్ల మీదికి మారాలి. ఒకటి బతికినవారిది, రెండవది పోయినవారిది. రెంటికీ నడుమ వేరే చోటు లేదు. నవంబరు నుండి ఆ ఇంట్లో తగువంతా ఇదే. ఆ కియాట్ గిన్నె, నూకరాజు గిన్నె ఏ బల్ల మీద ఉండాలి?

ఆ ఉమ్ రెండింటినీ భోజనాల బల్ల మీదనే పెట్టింది, పండగనాడు మాత్రమే కాదు, ప్రతి పూటా. వారికి సూపు లేనిదే భోజనం లేదు. పొద్దున్నే ఎముకలో, చేపతలకాయో, ముల్లంగో కుంపటి మీద పడవలసిందే. ముందుగా ఆ రెండు గిన్నెల్లో సూపు పోసి, తరువాతనే మిగిలినవారికి పోసేది. భోజనాలు అయ్యేసరికి రెండూ చల్లారి, పైన నెయ్యిలాగ కొవ్వు కట్టేది. ఆ కియాట్ గిన్నెను అతని భార్య మూయ్ తాగాలి. నూకరాజు గిన్నెను ఆ ఉమ్ తాగేది. నేను ఒకసారి వద్దని చెప్పబోతే, "ఆడి తల్లి ఇక్కడ లేదు కదా గురూ. చల్లారింది తాగే పని తల్లిదే. ఆవిడ బదులు నేను తాగుతున్నాను, నీకేటి నొప్పి?" అని గసిరింది.

ఆమె మాటలు సంతలో మాట్లాడే మలయ్‌లో ఉంటాయి. కోపం వచ్చినప్పుడు తియోచ్యూలోకి పోతాయి. నేను వాటిని మన ఇంటి మాటలలోకి మార్చి రాస్తున్నాను, అక్కయ్యకు వినిపిస్తే ఆమె గొంతు అర్థం కావాలని.

పండగకు వారం ముందు ఐసు డబ్బులు మాట్లాడడానికి వారింటికి వెళితే పెద్ద గొడవ జరుగుతున్నది. తౌకే చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పోయినవాళ్ళకి బతికినవాళ్ళ బల్ల మీద పెడితే ఇంట్లోవాళ్ళ ఆయుష్షు తింటారని ఆయన వాదన. "ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ తినేది నువ్వే. ముందు నీ గిన్నె తీస్తాను ఉండు" అని ఆ ఉమ్ కేకలు. మూయ్ రొయ్యలు ఒలుస్తున్నదల్లా ఒక్కసారిగా గిన్నె పక్కకు నెట్టేసింది. "అత్తా, మూడు నెలల బట్టి ఆయన భాగం చల్లటి సూపు నేను తాగుతున్నాను. ఆయన ఉన్నాడంటే నేను పెళ్ళాన్ని. లేడంటే విధవని. పొద్దున్న పెళ్ళాన్నీ మాపటికి విధవనీ అవుతున్నాను. ఏదో ఒకటి చెప్పండి" అన్నది. ఆ రొయ్యలు ఒలవడం నేను పూర్తిచేశాను.

మరునాడు ఆ ఉమ్ తానే ఒక దారి తీసింది. పండగ ముందురోజు మధ్యాహ్నం వారు పెద్దలకు పెడతారు. వండినవన్నీ పూజబల్ల మీద పెట్టి, అగరుపుల్లలు వెలిగించి, పోయినవారిని పేరుపేరునా పిలిచి తినమంటారు. కాసేపాగి రెండు నాణేలు నేల మీద వేసి, "తిన్నారా?" అని అడుగుతారు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే తిన్నారని అర్థం. రెండూ ఒకే వైపు పడితే ఇంకా లేదని. తిన్నామన్న జవాబు వచ్చేవరకు ఇంటివారు ఆ వంట ముట్టరు. "నేను ఆళ్ళనే అడుగుతాను. కియాట్ పోయి ఉంటే తాతల పక్కనే కూచుని తింటాడు. తిన్నానంటాడు. లేకపోతే లేదు" అని ఆమె తీర్మానం. తౌకే సరే అన్నాడు.

నన్ను ఆ రోజు రమ్మని కబురు పెట్టింది. నూకరాజు తరఫు మనిషి ఒకడు ఉండాలన్నది. నేను చదువుకున్నవాణ్ణి, నాణేలు పలుకుతాయన్న నమ్మకం నాకు లేదు. కానీ పిలిచిన ఇంటికి వెళ్ళకపోవడం అమర్యాద కనుక, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

ఆ ఉదయం ఆమె చేసిన వంట కొంచెం వివరంగా రాస్తాను. అక్కయ్య తప్పక అడుగుతుంది, నూకరాజు ఏమి తినేవాడో ఆమెకు తెలియవలసిన అవసరం కూడా ఉన్నది.

బాతు సూపు అతనికి ప్రాణం. ఉప్పులో ఊరబెట్టిన ఆవకూరను ముందునాడే నీళ్ళలో వేసి ఉప్పు పోనివ్వాలి. పూర్తిగా పోనిస్తే చప్పిడి అవుతుంది, కొద్దిగా ఉంచాలి. బాతు ముక్కలకు ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళలో అల్లంముక్క వేసి సన్నటి సెగ మీద ఉంచాలి. మాంసం ఎముకను వదిలే వేళకు ఆవకూర, ఊరిన పుల్లరేగుపళ్ళలాంటివి వారి దగ్గర ఉంటాయి, అవి, ఒక టమాటా వేస్తే పులుపూ ఉప్పూ కలిసి దిగుతాయి. అంతే, పెద్ద పని లేదు. మొదటిసారి తాగినప్పుడు నూకరాజు గిన్నె దించి, "ఆ ఉమ్, నీ బాతు ఇందులో మునిగి పోయిందా, కాళ్ళు కడుక్కుని ఎలిపోయిందా?" అని అడిగాడట. ఆమె గరిటెతో వాడి నెత్తిన ఒకటి వేసి, మరి మీ అమ్మ ఏటి చేస్తాదో చెయ్యమన్నదట. వాడు మిరియాలు, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి, పైన వేసి మూతపెట్టాడు. అక్కయ్య చారుకు వేసినట్టే. ఆనాటినుండి ఆ ఇంట్లో బాతు సూపు రెండు విధాలు, తాతల పద్ధతి ఒకటి, ఆ నూ పద్ధతి ఒకటి. నూకరాజును వారు ఆ నూ అనేవారు. తౌకే పైకి తిట్టుకుంటూనే, చలివేస్తే రెండో కుండలోదే అడిగేవాడు.

ఇవిగాక రొయ్యల చుట్టలు. రొయ్యలను కత్తితో సన్నగా కొట్టి, ఉల్లికాడలు కలిపి, సోయాపాల మీద కట్టిన మీగడ ఎండితే పొర అవుతుంది, ఆ పొరలో చుట్టి, ఆవిరికి ఉడికించి, చల్లారాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. పండగకు వచ్చినవారి చేతికి ముందుగా పెట్టేది ఇదే. బోటు దిగి వచ్చిన రోజున నూకరాజు స్నానం కూడా చేయకుండా మూకుడు పక్కన నిలబడి, తీసినవి తీసినట్టే నోట్లో వేసుకుని, కాలిందని గంతులు వేసేవాడని మూయ్ చెప్పింది. చెబుతూ ఆమె నవ్వింది. నవంబరు తరువాత ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

మధ్యాహ్నం పూజబల్ల మీద తాతల గిన్నెలు వరసగా పెట్టారు. వాటి చివర ఒక గిన్నె ఎక్కువ ఉంది. ఆ ఉమ్ అగరుపుల్లలు పట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచింది. చివరకు వచ్చేసరికి ఆగిపోయింది. తౌకే అందుకోబోతే చేత్తో తోసి, తానే పిలిచింది. "కియాట్, ఒరే కియాట్, మీ అమ్మనిరా, పిలుస్తున్నాను. నువ్వు ఆళ్ళతో ఉంటే వొచ్చి తిను. లేకపోతే రాకు. రాకురా నాయనా" అని అన్నది. పిలుస్తూనే రావద్దని బతిమాలే తల్లిని నేను ఎన్నడూ చూడలేదు.

అగరుపుల్లలు సగం కాలాక నాణేలు వేసింది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు.

ఆమె మళ్ళీ వేయలేదు. వంగి నాణేలు ఏరుకుని, భోజనాల బల్ల దగ్గరకు వెళ్ళి, ఆ కియాట్ పుల్లలు తీసుకుని వచ్చి, పూజబల్ల మీద తన మామగారి గిన్నె పక్కన ఆనించింది. మూయ్ గోడకు జారి కింద కూర్చున్నది. తౌకే బయటికి వెళ్ళి, ఇంటి ముందున్న చెక్క వంతెన పలకల మీద నిలబడి, ఎవరూ లేని నదికేసి తిరిగి సిగరెట్టు ముట్టించాడు. ఇంట్లో ఏడుపు వినపడలేదు. పండగ పూట ఏడవరాదని వారి నియమం. ఏడవకుండా ఉండడం ఎంత కష్టమో ఆ గది చూస్తే తెలిసేది.

నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆ ఉమ్ నా వైపు చూసి, "కూచో. ఇంకొకడున్నాడు" అన్నది.

నూకరాజు గిన్నెను పూజబల్ల మీద పెట్టడానికి వీలులేదు. అది తాన్ ఇంటి పేరు వారిది, వేరే ఇంటి మనిషి తాతల సరసన కూర్చోరాదు. అందుచేత ఆమె వంటింట్లోంచి తాను కూరలు తరుగుకునే పీట తెచ్చి, పూజబల్లకు పక్కగా, కొంచెం కిందుగా వేసింది. దాని మీద అతని గిన్నెలో రెండో కుండలోని సూపు పోసి పెట్టింది. "ఆ నూ, నీ మిరియాలు వేశాను. నీకు వేరే పీట వేశాను, తప్పు పట్టకు. ఉంటే వొచ్చి తిను" అని పిలిచింది. కాసేపు చూసి నాణేలు వేసింది. రెండూ ఒకే వైపు.

చల్లారిందేమోనని సూపు మళ్ళీ వేడిచేసి తెచ్చింది. మళ్ళీ వేసింది. మళ్ళీ రెండూ ఒకే వైపు. ఈసారి రొయ్యల చుట్టలు వేడివేడిగా వేయించి పక్కన పెట్టింది. "ఒరే తిండిపోతా, ఇవి చూసి కూడా ఆగగలవేటి?" అన్నది. గదిలో అందరమూ ఊపిరి బిగపట్టాము. నమ్మకం లేదని రాశాను కదా, అయినా నేను కూడా బిగపట్టాను. నాణేలు దొర్లి దొర్లి ఆగాయి. రెండూ ఒకే వైపు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నదల్లా ఒక్కసారిగా నవ్వింది. నవ్వు, దానితోపాటు అంతవరకు ఆపుకున్న ఏడుపు. "రాలేదు! ఆడు రాలేదు! ఆడు అక్కడ లేడు, గురూ! ఆడు బతికే ఉన్నాడు!" అని నా చొక్కా పట్టుకుని ఊపేసింది. ఏ దీవిలోనో, ఏ పరాయి దేశపు బోటులోనో ఉంటాడన్నది. ఇంజను పని తెలిసినవాణ్ణి ఎవరైనా పట్టుకుని ఉంచేసుకుంటారన్నది. పక్కింటి అమ్మాయిని పిలిచి, మూకుడు మళ్ళీ పెట్టమన్నది. ఇప్పుడే కొడుకును పోగొట్టుకున్న మనిషి వంటింట్లో అటూ ఇటూ పరుగులు తీసింది. మూయ్ ఆమెను చూస్తూ, "అత్తకి మతి పోయింది" అన్నది నాతో. తరువాత ఆమే లేచి వెళ్ళి నూనె పోసింది.

సాయంత్రం పండగ భోజనానికి బల్ల దగ్గర ఒకే ఒక ఖాళీ కుర్చీ. అది నూకరాజుది. ఆ ఉమ్ అతని గిన్నెలో నిండుగా పోసి, అందరి చేతా గ్లాసులు ఎత్తించి, వాడు త్వరగా ఇల్లు చేరాలని పలికించింది. తౌకే కూడా అన్నాడు. నేను కూడా అన్నాను. తరువాత ఆమె నన్ను పక్కకు పిలిచి, మీకు ఈ ఉత్తరం రాయమన్నది. "ఆ తల్లికి రాయి. ఆమె చూడని ఆ మూడు నెలలూ ఆమె కొడుక్కి ఒక్క పూట కూడా సూపు తప్పలేదని రాయి. ఆడు మా పెద్దల దగ్గరకి రాలేదని రాయి. బేగి రాయి. ఇద్దరిలో ఒకరికైనా కొడుకు మిగలాలి కదా" అన్నది.

ఇది ఆమె మాట. ఇందులో నా మాట ఏమీ కలపలేదు. నా అభిప్రాయం మీరు అడగలేదు కనుక రాయడం లేదు.

చీనావారి పండగ, మలయ్‌వారి పండగ ఈసారి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పోస్టాఫీసు తలుపు తెరవలేదు. తెరిచిన రోజున దీనిని పోస్టు చేస్తాను. ఐసు ఫ్యాక్టరీ మాత్రం ఆగలేదు. ఊరంతా విందులే గనుక దిమ్మలు చాలడం లేదు. అక్కయ్యకు నా నమస్కారాలు. జోగినాయుడు పెద్ద పరీక్షకు మళ్ళీ కట్టాలని నా కోరిక. తప్పితే సిగ్గు లేదు, మానేస్తే ఉన్నది.

ఇట్లు,
మీ విధేయుడు,
బొడ్డు గురునాయుడు.

తా.క. 24 ఫిబ్రవరి, శనివారం. వేరే కాగితం మీద.

బావగారూ, పై ఉత్తరం కవరులో పెట్టి ఉంచగా, నిన్న ఒక పోలీసు జవాను ఫ్యాక్టరీకి వచ్చాడు. దక్షిణాన మడచెట్లలో పీతలు పట్టేవారికి డిసెంబరులో ఒక దేహం దొరికిందట. తీసుకువెళ్ళేవారు ఎవరూ రాకపోతే, పట్నం ఆసుపత్రివారు ఉంచవలసినన్నాళ్ళు ఉంచి, ఊరి చివర దిక్కులేనివారి శ్మశానంలో పూడ్చిపెట్టారు. మా బోటు సంగతి వారికి ఇప్పుడు తెలిసి కబురు చేశారు. తౌకే తన వ్యానులో నన్ను తీసుకువెళ్ళాడు. దేహం తన కొడుకుదేమోనని ఆయన దారిపొడుగునా భయపడుతూనే నడిపాడు.

అక్కడి గుమాస్తా ఒక ప్లాస్టిక్ సంచీ బల్ల మీద పెట్టి, "ఇది ఏమి తాడో మాకు తెలియలేదు, నడుముకు కట్టి ఉంది" అన్నాడు. నల్లటి మొలతాడు. దానికి ఇత్తడి తాయెత్తు. బోటు పనిలో చేరే ముందు మీ ఎస్టేటు పైడితల్లి గుడి దగ్గర అక్కయ్య దానిని వాడికి కట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాడు సిగ్గుపడి చొక్కా కిందికి లాక్కున్నాడు. ఎడమ కాలి ఎముకకు పాత అతుకు ఉన్నదని డాక్టరు కాగితంలో రాసి ఉన్నది. చిన్నతనంలో పామాయిలు గెలల లారీ మీద నుంచి పడి విరిగిన కాలు అదే. ఒక ఫోటో కూడా చూపించారు. దానిని గురించి రాయను. మీరు కూడా చూడమని అడగవద్దు.

వాడు మన నూకరాజు. సందేహం లేదు. మూడు సార్లు నాణేలు వేసిన రోజుకు వాడు మట్టిలో ఉన్నాడు.

ఆ కియాట్ జాడ అక్కడ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు తౌకే దారిలో వ్యాను ఆపి, చక్రం మీద చేతులు ఉంచుకుని మాట్లాడాడు. ఆయన మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "మా ముసల్ది తప్పు లెక్క వేసింది, గురూ. బతికి ఉంటేనే రారని అనుకుంది. నీళ్ళలో పోయినవాడు తనంతట తాను ఏ ఇంటికీ రాలేడు. కన్నవాళ్ళు పిలవాలి. కియాట్‌ని వాళ్ళమ్మ పిలిచింది, వాడు వచ్చాడు. ఆ నూని పిలిచింది మేము. పరాయి ఇంటి పీట. వాడు గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయి ఉంటాడు. వాడి తల్లి వచ్చి పిలిచేదాకా అలా నిలబడే ఉంటాడు, ఆకలితో" అని అన్నాడు.

నేను చదువుకున్నవాణ్ణి. అయినా ఆ గుమ్మంలోంచి ఇవాళ లోపలికి అడుగుపెట్టలేకపోయాను. బయటి నుంచే పిలిచి మాట్లాడి వచ్చేశాను.

ఆ ఉమ్‌కు ఇంకా చెప్పలేదు. పండగ పదిహేనో రోజు వరకు ఇంట్లోకి చావు కబురు తేరాదని నియమం. ఆమె ప్రతి పూటా వాడి గిన్నె బతికినవారి బల్ల మీద పెట్టి, చల్లారినది తాగుతున్నది. మూయ్ కూడా ఇప్పుడు సంతోషంగా పెడుతున్నది. తనకు తీరనిది ఎవరికో ఒకరికి తీరిందన్న సంతోషం.

కనుక మీకు నా మనవి. పండగ పదిహేను రోజులు గడిచాక మీరు, అక్కయ్య ఇద్దరూ రావాలి. మట్టి నుంచి వాణ్ణి తీసి మనవారి పద్ధతిలో దహనం చేయడానికి తండ్రి సంతకం ఉంటేనే ఆసుపత్రివారు ఒప్పుకుంటారు. అది మీ పని. బాతు సూపు ఆ ఉమ్ వండుతుంది, మరొకరిని వండనివ్వదు. గిన్నెలో పోసి, రేవు మెట్ల మీద పెట్టి, వాణ్ణి పేరు పెట్టి పిలవవలసింది మాత్రం అక్కయ్య.

ఈ కాగితం తరువాత ఎవరు చదవాలో చెబుతున్నాను, తప్పకుండా పాటించండి. మీ తరువాత జోగినాయుడు చదవాలి. అక్కయ్యకు కాగితం చదివి వినిపించవద్దు. మీరిద్దరూ ఆమెకు అటూ ఇటూ కూర్చుని నోటితో చెప్పండి. మొదటి ఉత్తరంలోని వంట సంగతి ఆమె అడిగినప్పుడు వినిపించండి, అడగకపోతే వద్దు. వచ్చేటప్పుడు రెండు కాగితాలూ వెంట తీసుకురండి. ఆపైన వినవలసింది ఆ ఉమ్. అక్కయ్య ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాక, నేను మలయ్‌లోకి మార్చి చదువుతాను. అంతవరకు దీనిని నాలుగో మనిషి చేతికి ఇవ్వకండి.